దయయా, న్యాయమా?

యూదులు దానమును ‘త్సెదకా’ యందురు. దాని ధాతువునకు న్యాయమని అర్థము. చేని మూలలను కోయరాదు, రాలిన పరిగను ఏరరాదు, అవి పేదల సొత్తని తోరా శాసనము. ఉంఛవృత్తి నెరిగిన మనకిది పరాయి మాట కాదు. చేబ్రోలు చెంత కొత్తరెడ్డిపాలెములో తెలుగు యూదులును కలరు.

12వ శతాబ్దిలో మైమొనిడీస్ దానమునకు ఎనిమిది మెట్లు చెప్పెను. దాత, గ్రహీత పరస్పరము ఎరుగని దానము సైతము రెండవదే. అప్పో, పనియో ఇచ్చి యాచనావసరమునే తొలగించుట అగ్రము.

గీత చెప్పిన సాత్త్వికదానము ప్రత్యుపకారమును కోరదు. మరి అన్నదాన పంక్తిలో విస్తరి ముందున్నవాని ముఖమును ఫొటో తీసి వాట్సాప్‌లో త్రిప్పు మారేడ్‌పల్లి దాత ఏ మెట్టున నిలిచియున్నాడు? పాలరాతిపై పేరు చెక్కించు సొమ్ముతో ఒక పేదరాలికి కుట్టుమిషను వచ్చును.