కారు పుస్తకానికి తెలుగు రాదా?

మా ఏటూరునాగారంలో ఏ రైతైనా మిరపతోటకు పురుగుమందు సీసా కొంటే, దానితోపాటు మడతలుపెట్టిన కాగితమొకటి చేతికి వస్తుంది. మందు ఎంత కలపాలి, కొట్టేటప్పుడు ఏమి తొడుక్కోవాలి, పొరపాటున కడుపులోకి పోతే ఏమి చేయాలి అన్న సంగతులు అందులో తెలుగులో కూడా ఉంటాయి. సీసామీద రంగుగుర్తు ఉంటుంది. ఎరుపైతే మహావిషం, పసుపైతే దాని తరువాతిది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ అయితే విషం స్వల్పం. ఇదంతా కంపెనీలు దయతలచి చేస్తున్న పని కాదు. లేబులూ సూచనల కాగితమూ హిందీ, ఆంగ్లాలతోపాటు సరుకు అమ్ముడయ్యే ప్రాంతపు భాషలో కూడా ఉండాలని 1971 నాటి పురుగుమందుల నియమావళి ఆదేశించింది కనుక చేస్తున్నారు.

అదే రైతు, రెండు మూడు పంటలు కలిసివచ్చి, ఎనిమిది లక్షలు పోసి కారు కొన్నాడనుకుందాం. దానితోపాటు నాలుగైదు వందల పుటల పుస్తకం వస్తుంది. నేను చూచినంతవరకు అటువంటి పుస్తకాలన్నీ ఆంగ్లంలోనే ఉన్నాయి. కొన్ని కంపెనీలైతే ఆ పుస్తకం కూడా ఇవ్వక ఫోనులో చూచుకొమ్మంటున్నాయి. ఆ ఫోనులోనిది కూడా ఆంగ్లమే. వందల రూపాయల సీసాకు వచ్చిన తెలుగు లక్షల రూపాయల బండికి ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

ఇది తెలుగు పండితుని భాషాభిమానమని కొందరు కొట్టిపారేయవచ్చు. అభిమానం ఉన్నమాట నిజమే. కాని ఇక్కడ నేను మాట్లాడుతున్నది ప్రాణాలను గురించి. మా ఊరినుండి వరంగల్లు సుమారు నూరు కిలోమీటర్లు. తాడ్వాయి, పస్రాల మీదుగా పోయే 163వ జాతీయ రహదారిలో చాలాభాగం అడవి. అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చినా, గుండెనొప్పి వచ్చినా ఆ దారినే పోవాలి. స్టీరింగు దగ్గర కూర్చునేవాడు చాలాసార్లు తెలుగు మాధ్యమంలో పదో తరగతి వరకు చదివిన కుర్రవాడు. ఆ దారిలో బండి ఏదైనా చెప్పదలచుకుంటే అతనికి అర్థమయ్యేటట్టు చెప్పాలా, వద్దా?

బండి నిజంగానే చెబుతుంది. స్టీరింగు వెనుక వెలిగే బొమ్మలే దాని భాష. వీటిలో చాలావాటికి 2575 సంఖ్యగల అంతర్జాతీయ ప్రమాణం ఉంది కనుక ఏ కంపెనీ కారైనా బొమ్మలు ఇంచుమించు ఒకటే. రంగులకూ క్రమముంది. ఎరుపు వెలిగితే ప్రమాదం, ఆగి చూడవలసిందే. పసుపు వెలిగితే మరమ్మతు కావాలి, జాగ్రత్త అని. ఆకుపచ్చ, నీలం ఏదో ఒకటి పనిచేస్తున్నదని తెలుపుతాయి. పురుగుమందు సీసా రంగులు చదువగలిగిన రైతుకు ఈ నాలుగు రంగులు ఒక లెక్కా? చెప్పినవారు లేరు, అంతే.

చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగిందనుకుందాం. "బ్యాటరీ పోయినట్టుంది సార్, రేపు కొత్తది వేయిద్దాం" అంటాడు మన కుర్రవాడు. ఇంజను నడుస్తుండగా ఆ దీపం వెలిగితే సాధారణంగా దాని అర్థం వేరు. డైనమో బ్యాటరీకి విద్యుత్తు నింపడం లేదని అది చెబుతున్నది. బెల్టు తెగి ఉండవచ్చు. కొన్ని బళ్లలో నీటిపంపును తిప్పేదీ ఆ బెల్టే కనుక ఇంజను కాగిపోవచ్చు కూడా. అడవిలో ఇంజను ఆపితే మళ్లీ సెల్ఫు అందుకోకపోవచ్చు. ఏసీ, పాటలు ఆపివేసి, వేడిముల్లును కనిపెడుతూ దగ్గరి ఊరు చేరుకోవాలి. నూనెడబ్బా బొమ్మ ఎర్రగా వెలిగితే దానికి పూర్తిగా విరుద్ధం. దగ్గరి ఊరు అన్న మాటే లేదు, పక్కకు తీసి ఇంజను తక్షణం ఆపాలి. ఒక ఎరుపుకు నెమ్మదిగా సాగమని, ఇంకొక ఎరుపుకు అక్కడికక్కడే ఆపమని అర్థం. ఈ తేడా ఆంగ్లపు పుటల మధ్య దాగి ఉంది.

ఇక రక్షణ సంగతి. ప్రభుత్వం తన వంతు కొంత చేసింది. 2019 ఏప్రిల్ నాటికి కార్లన్నిటికీ ఏబీయస్ బ్రేకులు తప్పనిసరి అయినాయి. అదే ఏడాది జూలై 1 నుండి డ్రైవరు ఎదుట ఎయిర్‌బ్యాగు, ముందుసీట్ల బెల్టు మోత, వేగం 80 దాటితే హెచ్చరించి 120 దాటితే ఆగకుండా మ్రోగే గంట, వెనుకకు తీసేటప్పుడు అడ్డును పసిగట్టే సెన్సారు వచ్చాయి. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ పేరిట కార్లను గుద్దించి చూచి నక్షత్రాలు ఇచ్చే పద్ధతి కూడా మొదలయింది. మంచిదే. కాని వస్తువును తప్పనిసరి చేసినవారు దానిని గురించిన తెలివిడిని తప్పనిసరి చేయలేదు.

ఏబీయస్ సంగతే చూడండి. పాత బళ్లు నడిపినవారు జారే రోడ్డుమీద బ్రేకును కొట్టి వదులుతూ, కొట్టి వదులుతూ ఆపమని నేర్పేవారు. ఆనాటి బండికి అది సరైన పాఠం. ఏబీయస్ ఉన్న బండిలో ఆ పని యంత్రమే చేస్తుంది, క్షణానికి అనేకసార్లు చేస్తుంది. మనం బలంగా తొక్కి, తొక్కిన కాలు తీయకుండా, స్టీరింగుతో అడ్డును తప్పించుకోవాలి. అప్పుడు పెడలు కాలికింద దడదడలాడుతుంది. సంగతి తెలియనివాడు బ్రేకు పాడయిందని భయపడి కాలు తీస్తాడు. ఏ క్షణానికై ఆ సాధనాన్ని అమర్చారో ఆ క్షణంలోనే అది వ్యర్థమవుతుంది.

ఎయిర్‌బ్యాగు ఉన్నది కదా, బెల్టు ఎందుకన్నది ఇంకొక అపోహ. ఆ సంచి రెప్పపాటుకన్నా తక్కువ కాలంలో బాంబులాగా విచ్చుకుంటుంది. బెల్టు మనిషిని సీటుకు పట్టి ఉంచితేనే అది మెత్తని దిండు. బెల్టు లేక ముందుకు తూలినవాని ముఖానికి అదే పిడిగుద్దు. పసిబిడ్డను ఒడిలో పెట్టుకొని ముందుసీటులో కూర్చోవడం మన ఇళ్లలో ముద్దుగా సాగే అలవాటు. సంచి విచ్చుకుంటే బిడ్డ దానికీ తల్లికీ నడుమ నలిగిపోతుంది. వెనుకసీటుకు బెల్టు అక్కరలేదనేవారు 2022 సెప్టెంబరు 4న పాల్‌ఘర్ దగ్గర జరిగిన ప్రమాదాన్ని తలచుకోవాలి. టాటా సంస్థల మాజీ అధ్యక్షుడు సైరస్ మిస్త్రీ అందులో మరణించారు. ఆయన వెనుకసీటులో బెల్టు లేకుండా కూర్చున్నారని పోలీసులు చెప్పారు. మనవారు మాత్రం బెల్టు మోత వినలేక ఉత్త కొక్కెం కొని తగిలించి బండి నోరు నొక్కుతున్నారు. ఇటువంటి కొక్కేలు అమ్ముతున్న అయిదు ఆన్‌లైన్ అంగళ్లపై 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఉత్తర్వులు జారీచేయవలసివచ్చింది.

దీపాల విషయానికి వస్తే మేడారం జాతర రాత్రులే పాఠశాల. రెండేళ్లకొకసారి ఆ అడవిదారిలో వేలాది బళ్లు సాగుతాయి. హైబీము వెలిగితే ఎదుట నీలిగుర్తు కనబడుతుంది. ఎదురుబండి కనబడగానే అది పోవాలి, అంటే డిమ్ము చేయాలి. ఆ నీలిగుర్తు అర్థం తెలియనివాడు రాత్రంతా ఎదుటివారి కళ్లలో మిరపపొడి చల్లుతూనే పోతాడు. కొత్తబళ్లకు పగలు కూడా ముందువైపు సన్నని దీపాలు వెలుగుతుంటాయి. మీటరూ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. కనుక లైట్లు వేశామనే భ్రమ కలుగుతుంది. చాలా బళ్లలో అప్పుడు వెనుక ఎర్రదీపాలు వెలగవు. మునిమాపువేళ వెనుకనుండి వచ్చే లారీకి ఆ బండి చీకటిముద్దే. ఇక వానలో నాలుగు ఇండికేటర్లూ కొట్టుకుంటూ నడపడం ఈమధ్య ఆచారమై కూర్చున్నది. ఎర్రని త్రికోణపు మీట ఆగిన బండికోసం పెట్టినది. నడిచేబండి దానిని నొక్కితే, అది ఎటు తిరుగనున్నదో వెనుకవానికి తెలిసే దారి మూసుకుపోతుంది.

ఏసీ చల్లదనానికే అనుకునేవారు ఎక్కువ. దాని రెండవ గుణం తేమను పీల్చడం. కారు కింద చుక్కలుగా కారే నీరు ఆ తేమే. వానలో అద్దం లోపలివైపు మసకబారితే గుడ్డతో తుడుస్తూ ఒంటిచేత్తో నడిపేవారిని చూస్తుంటాము. కారుబొమ్మలో గుండ్రంగా తిరిగిన బాణం ఉన్న మీట లోపలిగాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. మన ఊపిరిలోని ఆవిరి అందులోనే తిరిగి అద్దాన్ని పట్టుకుంటుంది. ఆ మీటను తీసివేసి, బయటిగాలి రానిచ్చి, ఏసీ వేసి, గాలిని ముందు అద్దానికి తిప్పితే కొద్దిసేపట్లో మసక విడిపోతుంది. జాతరలో ఏసీ వేసుకొని, అద్దాలు ఎత్తుకొని, ఆగిన కారులో నిద్రపోయేవారికి ఇంకొక మాట చెప్పాలి. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. అది లోపలికి చేరితే నిద్రపోయినవాడు మేలుకోకపోవచ్చు. ఎండలో మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. "ఒక్క నిమిషంలో వస్తాను" అని బిడ్డను కారులో ఉంచి అంగడికి పోరాదు.

విద్యుత్తులోనూ రంగుల బడి ఉంది. మామూలుగా వాడే ఫ్యూజుల్లో 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం, 20ది పసుపు, 30ది ఆకుపచ్చ. ఫ్యూజు పదేపదే కాలుతున్నదంటే తీగలో ఎక్కడో దోషముందని అర్థం. ఎరుపు తీసి ఆకుపచ్చ పెట్టినా, రాగితీగ చుట్టినా ఇకపై కాలేది ఫ్యూజు కాదు, బండి. అదనపు లైట్లకనీ పెద్దహారనుకనీ తీగల తోలు ఒలిచి అతికించే ప్రతిచోటా ఈ అపాయం పొంచి ఉంటుంది.

"ఇవన్నీ మెకానిక్కులు చెబుతారుగా" అంటారు కొందరు. చెబుతారు, బండి ఆగిన తరువాత. "బొమ్మలకు భాషతో పనేమి" అంటారు మరికొందరు. పైన చెప్పిన బ్యాటరీబొమ్మే వారికి సమాధానం. బొమ్మ ఎవరికైనా కనబడుతుంది, దాని అర్థాన్ని ఎవరో ఒకరు మాటల్లో చెప్పాలి. "తెలుగు చదివేవారెవరు" అనేవారూ ఉన్నారు. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు ఎనిమిది కోట్లపైమాటే. పురుగుమందుల కంపెనీకి కనబడిన పాఠకుడు కార్ల కంపెనీకి ఎందుకు కనబడడు?

ఐతే ఆ తెలుగు ఎటువంటిదన్నది నావంటివారు ఆలోచించవలసిన సంగతి. పండితుల చేతికి అప్పగిస్తే డైనమోను విద్యుజ్జనక యంత్రమనీ, ఎయిర్‌బ్యాగును వాయుపూరిత రక్షణకోశమనీ వ్రాస్తారు. అప్పుడు ఆంగ్లమే నయమని డ్రైవరు ఆ పుస్తకాన్ని డిక్కీలో పడవేస్తాడు. డిప్పరు, సెల్ఫు, స్టెప్నీ, బోనెట్టు, క్లచ్చి ఏనాడో మన షెడ్లలో తెలుగైపోయినాయి. వాటిని ఉన్నవి ఉన్నట్టుగా ఉంచి, వాక్యాన్ని తెలుగు చేస్తే చాలు. మెకానిక్కును పక్కన కూర్చోబెట్టుకొని వ్రాసి, డ్రైవరు చేత చదివించి, అతను ఆగినచోటల్లా దిద్దాలి. భాషకు సేవ అంటే ఇదికూడా అని నా నమ్మకం.

చట్టంలో ఆధారం లేకపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షను ప్రకారం, హాని కలుగకుండా వస్తువును సరిగా వాడే తీరును తెలిపే తగిన సూచనలు గాని, తప్పు వాడకాన్ని గురించిన హెచ్చరికలు గాని లేకపోతే తయారీదారు బాధ్యుడు. ఏ భాషలో అని ఆ సెక్షను చెప్పలేదు. కాని కొన్నవాడు చదువలేని సూచన 'తగిన సూచన' ఎట్లా అవుతుంది? పురుగుమందుకు చేసినట్టే కారుకూ కేంద్రం ఒక నియమం చేస్తే ఈ చర్చ ముగుస్తుంది.

నేను అడిగేది పెద్ద గ్రంథం కాదు. ఇరవై పుటల పుస్తకం. మొదటి నాలుగు పుటల్లో ఎర్రబొమ్మలు, వాటిని చూడగానే చేయవలసిన పని. తరువాత బెల్టు, బ్రేకు, దీపాలు, అద్దపు మసక, ఫ్యూజులు. చివర టైరు మార్చే విధానం. దీనికయ్యే ఖర్చు కారు తాళాలు ఇచ్చేరోజు షోరూములో వేసే పూలదండకన్నా ఎక్కువ ఉండదు. అంతవరకు కొనేవారు చేయగలిగినది ఒకటుంది. బండి అప్పగించేటప్పుడు ఫోనును పాటలకు కలిపే విద్య తరువాత చూపించమని చెప్పి, ముందుగా ప్రతి ఎర్రబొమ్మకు అర్థం తెలుగులో చెప్పించుకోండి. తెలుగు పుస్తకమేదని అడగండి. లేదంటారు. అయినా అడగండి. పదిమంది అడిగితే షోరూమువాడు పైవారికి వ్రాస్తాడు, పదివేలమంది అడిగితే పుస్తకం వస్తుంది.