ఆంపియర్ల తూకం: ఇంటికి బ్యాటరీ కొనేముందు కాస్త హిసాబ్



హుద్‌హుద్ అంటే సులైమాన్ అలైహిస్సలామ్‌కు సబా మలికా ఖబర్ మోసుకొచ్చిన పిట్ట. ఒమాన్ వాళ్ళు ఆ పేరు పెట్టిన తుఫాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. బక్రీద్ వెళ్ళి అప్పటికి వారం కూడా తిరగలేదు. స్తంభాలు ఒరిగిపోయి జిల్లాలో ఎన్నో ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉండిపోయాయి. మా ఎస్. రాయవరం అప్పుడు విశాఖ జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా మారినా ఖౌఫ్ మాత్రం పోలేదు. ఇన్వర్టర్ మాట వస్తే చాలు, "మళ్ళీ అలాంటిది వస్తే?" అంటారు. ఆ ఖౌఫ్‌తోనే ఎలమంచిలికో నర్సీపట్నానికో వెళ్ళి, దుకాణంలో అన్నిటికన్నా పెద్ద బ్యాటరీ ఆటోలో వేసుకొస్తారు.

నా రాయ్ ఏమిటంటే, తుఫాను కోసం బ్యాటరీ కొనకండి. ఎంత పెద్ద బ్యాటరీ అయినా గంటల లెక్కే, రోజుల లెక్క కాదు. కరెంటు వారం రాకపోతే దాన్ని మళ్ళీ నింపేదేదీ ఉండదు, ఇంటి మీద సోలార్ పలక ఉంటే తప్ప. అందులోనూ ఒక మెలిక ఉంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం కింద ఎక్కువమంది పెట్టించుకునేది గ్రిడ్‌కు కలిపిన సోలార్. లైన్‌లో కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. స్తంభం ఎక్కిన లైన్‌మన్ జాన్ కాపాడటానికి అలా కట్టారు. కోతలోనూ సోలార్ పనిచేయాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, దానికో బ్యాటరీ వేరుగా కావాలి. ఇది అడగకుండా సంతకం పెట్టొద్దు.

మరి బ్యాటరీ దేనికి? ఎండాకాలం రాత్రి రెండు మూడు గంటల కోతకి. దాదీజాన్‌కు ఉక్కపోత లేకుండా నిద్ర పట్టడానికి, సహరీ వేళ చీకట్లో తడుముకోకుండా ఉండటానికి, పిల్లల ఇమ్తెహాన్ చదువు ఆగకుండా ఉండటానికి. ఈ జరూరత్‌కు సరిపడా కొంటే చాలు.

ముందు కాగితం మీద హిసాబ్ వేయండి. పాతరకం సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు. రెండు ఫ్యాన్లు 150, నాలుగు ఎల్ఈడీ బల్బులు 36, వైఫై 10. మొత్తం దాదాపు 200 వాట్లు. నాలుగు గంటలకు 800 యూనిట్లనుకునేరు, కాదు, 800 వాట్-అవర్లు. ఇన్వర్టర్ తినేది కలిపితే 1000. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేయకపోతేనే ఉమ్ర్ ఎక్కువ, కాబట్టి 2000 కావాలి. 12 వోల్టులతో భాగిస్తే సుమారు 167 ఆంపియర్-అవర్లు.

ఇప్పుడు అవే రెండు ఫ్యాన్లు బీఎల్‌డీసీ రకం పెట్టండి. ఒక్కోటి 30 వాట్లే. మొత్తం లోడు 106కు దిగుతుంది. అదే హిసాబ్ చేస్తే 90 ఆంపియర్-అవర్ల లోపే తేలుతుంది, అంటే 100 బ్యాటరీ సరిపోతుంది. నెలనెలా కరెంటు బిల్లూ తగ్గుతుంది. అవసరం తగ్గించుకోకుండా బ్యాటరీ పెంచుకోవడాన్ని నేనైతే ఇస్రాఫ్ అనే అంటాను.

రెండో మాట రకం గురించి. కారు బ్యాటరీలో పల్చటి పలకలు చాలా ఉంటాయి. ఇంజను స్టార్ట్ అయ్యేందుకు క్షణకాలం గట్టి కరెంటు ఇవ్వడం దాని పని. దాన్ని రోజూ అడుగంటా వాడితే కొద్ది నెలల్లోనే కూర్చుంటుంది. ఇంటికి కావాల్సింది డీప్ సైకిల్ బ్యాటరీ, అంటే నెమ్మదిగా ఖాళీ అయి మళ్ళీ నిండటాన్ని వందలసార్లు తట్టుకునేది. మన బజారులో ఆ పని చేసేది ట్యూబులర్ బ్యాటరీ. లారీలోంచి తీసిన సెకండ్ హ్యాండ్ బ్యాటరీ సస్తాలో వస్తోందని తెచ్చుకుంటే నుక్సానే.

ఇక తూకం. తూకంలో కోత పెట్టేవాళ్ళ మీద హెచ్చరికగా మనకు ఒక సూరాయే ఉంది, సూరా ముతఫ్ఫిఫీన్. బ్యాటరీ మీది అంకెనూ అదే నజర్‌తో చూడాలి. 150 అని రెండింటి మీద రాసి ఉన్నా, ఒకదాని పక్కన సీ10, ఇంకోదాని పక్కన సీ20 అని ఉంటే అవి సమానం కావు. సీ20 అంటే ఇరవై గంటలపాటు మెల్లగా తీస్తే వచ్చే లెక్క, సీ10 పది గంటల్లో తీసినా అంత ఇస్తుంది. తొందరగా తీసేకొద్దీ లెడ్ యాసిడ్ తక్కువ ఇస్తుంది కాబట్టి సీ10 రాసిందే పెద్ద బ్యాటరీ. ఈ ఫరక్ చెప్పకుండా ధర మాత్రమే చెప్పే దుకాన్‌దార్‌ను రెండోసారి అడగండి. బరువూ అడగండి, సీసం ఎంతుందో అదే చెబుతుంది.

వారంటీ కూడా అంతే. 60 నెలలు అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, కింద 36+24 అని చిన్నగా ఉంటుంది. పాడైతే ఉచితంగా మార్చేది మొదటి 36లోనే, మిగతా 24లో కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు. తయారీ తేదీ చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. నెలల తరబడి ఛార్జింగ్ లేకుండా దుకాణంలో పడున్న బ్యాటరీకి పలకల మీద సల్ఫేట్ గట్టిపడి ఉంటుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచిదేనా అని అడుగుతున్నారు. మంచిదే. ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు, నీళ్ళు పోయనక్కర్లేదు, వేల సైకిళ్ళు వస్తుంది. కానీ ముందు పెట్టే రఖం ఎక్కువ, ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగు ఉండాలి. రోజూ గంటలకొద్దీ కోత ఉన్నచోట దాని ఫాయిదా కనబడుతుంది. వారానికి ఒక అరగంట పోయే చోట ట్యూబులర్ చాలు. దాని కోసం సూద్ మీద కిస్తీ మాత్రం వద్దు. ఖర్జే హసనా దొరక్కపోతే ఈ ఏడు ఫ్యాన్లు మార్చండి, వచ్చే ఏడు బ్యాటరీ.

తెచ్చాక ఖిద్మత్ కావాలి. డిస్టిల్డ్ వాటరే పోయాలి, బోరు నీళ్ళు, ఆర్వో నీళ్ళు వద్దు. రేవుపోలవరం వైపు ఉప్పుగాలికి టెర్మినళ్ళు తొందరగా తుప్పు పడతాయి, వాటికి పెట్రోలియం జెల్లీ రాయండి. గాలి ఆడేచోట పెట్టండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి జుమేరాత్ లోబాన్ నిప్పు అటు తీసుకెళ్ళొద్దు. పాతది కబాడీవాడికి పడేయకుండా కొత్తది కొనేచోటే మార్పిడికి ఇవ్వండి. సీసం పిల్లలకు జహర్.

చివరగా మసీదుల సంగతి. మర్హూమ్ అబ్బాజాన్ ఈసాలె సవాబ్ కోసం బ్యాటరీ ఇచ్చే భాయిలు చాలామంది. అల్‌హమ్దులిల్లాహ్. కానీ అందులో నీళ్ళెవరు పోస్తారో ఎవరూ తేల్చరు. మౌజన్ సాబ్ మీద అందరి పనీ పడుతుంది, ఇదీ పడుతుంది. వజూ మోటారు కూడా దానిమీదే వేస్తారు, రమజాన్ వచ్చేసరికి తరావీహ్ మధ్యలో ఫ్యాన్లు ఆగిపోతాయి. సదఖా జారియా అంటే సాగుతూ ఉండాలి కదా. బ్యాటరీ ఇచ్చే భాయి నెలకోసారి వెళ్ళి నీటిమట్టం చూసే జిమ్మేదారీ కూడా తీసుకోవాలి, లేదా ఆ పనికి ఒక నౌజవాన్ పేరు ముతవల్లి సాబ్ దగ్గర రాయించాలి. అదీ కుదరకపోతే నలుగురు కలిసి నీళ్ళక్కర్లేని లిథియం ఇవ్వండి. వచ్చే జుమా నమాజ్ అయ్యాక మీ మసీదు బ్యాటరీ మూత తీసి ఒకసారి చూడండి.