కొనేవాడే పాలకుడైతే

పశ్చిమ ఆఫ్రికాలో బెనిన్ అనే చిన్న దేశం ఉంది. మన తెలంగాణలో లాగే అక్కడా వానను నమ్ముకుని పత్తి వేస్తారు. ఆ దేశానికి విదేశీ మారకం తెచ్చే పంటల్లో పత్తిదే మొదటి స్థానం. అక్కడి పత్తి వ్యాపారి పత్రీస్ తాలోన్ దేశాధ్యక్షుడైన కథ పత్తి రైతులందరూ తెలుసుకోవాల్సినది.

తాలోన్ 1980లలో రైతులకు ఎరువులు, పురుగుమందులు సరఫరా చేసే వ్యాపారంతో మొదలుపెట్టారు. తర్వాత జిన్నింగ్‌లోకి దిగారు. 2008లో ప్రభుత్వ పత్తి మిల్లులను సోడెకో పేరుతో ప్రైవేటుకు అప్పగించినప్పుడు పెద్ద వాటా ఆయన చేతికే వచ్చింది. ఎరువు అప్పుగా ఇచ్చేదీ, పంట వచ్చాక పత్తి కొని ఆ అప్పు మినహాయించుకునేదీ ఒకే వర్గమైంది. ఈ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మండల కేంద్రంలో విత్తనం ఉద్దెర ఇచ్చి, దసరా తర్వాత పత్తి తనకే తూకం వేయమనే దుకాణదారు మనందరికీ తెలుసు. ఆ దుకాణం దేశమంత పెద్దదైతే ఎలా ఉంటుందో బెనిన్‌లో చూడొచ్చు.

అప్పటి అధ్యక్షుడు బోని యాయీ ఎన్నికల ఖర్చుకు డబ్బిచ్చింది కూడా తాలోనే. తర్వాత ఇద్దరికీ చెడింది. 2012లో ప్రభుత్వం పత్తి రంగాన్ని తన చేతిలోకి తీసుకుంది. తనపై విషప్రయోగానికి కుట్ర పన్నారని యాయీ ఆరోపించారు. తాలోన్ ఆ ఆరోపణను ఖండించి ఫ్రాన్స్‌లో తలదాచుకున్నారు. 2014లో క్షమాభిక్ష దొరికింది. 2016 మార్చిలో 65 శాతం ఓట్లతో ఆయనే అధ్యక్షుడయ్యారు. గద్దెనెక్కిన కొద్ది వారాల్లోనే పత్తి రంగం మళ్లీ ప్రైవేటు చేతుల్లోకి వెళ్లింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. దిగుబడి పెరిగింది. 2015-16లో సుమారు 2.7 లక్షల టన్నులున్న పత్తి 2019-20లో 7 లక్షల టన్నులు దాటింది. బెనిన్ ఆఫ్రికాలోనే ముందు వరుసకు చేరింది. ఎరువులు సమయానికి అందడం, డబ్బు చేతికి రావడం రైతుకు చిన్న విషయం కాదు. వ్యాపారం తెలిసినవాడు పాలిస్తే పనులు జరుగుతాయనే వాదనకు ఇదే బలం.

కానీ టన్నుల లెక్కతో రైతు బతుకు తేలదు. 2018-19లో మొదటి రకం పత్తికి కిలో 265 సీఎఫ్ఏ ఫ్రాంకులు నిర్ణయించారు. ఆ ధర నచ్చని రైతు ఎక్కడికి పోవాలి? కొనే మిల్లుల్లో ఎక్కువ భాగం ఆ వర్గానివే, ఫిర్యాదు వినాల్సిన అప్పటి ప్రభుత్వానికి అధిపతి ఆ మిల్లులతో ఎదిగినవాడే. అదే 2018లో ఉద్యోగుల సమ్మెను ఏడాదికి పది రోజులకు పరిమితం చేస్తూ చట్టం తెచ్చారు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో ప్రతిపక్ష అభ్యర్థి ఒక్కరు కూడా బరిలో లేరు. 2021 అధ్యక్ష ఎన్నికల్లో పోటీకి దిగాలనుకున్న ఇద్దరు ప్రతిపక్ష నేతలకు ఆ ఏడాది చివర్లో జైలు శిక్షలు పడ్డాయి.

వ్యాపారి రాజకీయాల్లోకి రాకూడదని మనం అనడం లేదు. మన చట్టసభల్లోనూ కాంట్రాక్టర్లు, మిల్లుల యజమానులు, విత్తన వ్యాపారులు ఉన్నారు. అడగాల్సింది ఒక్కటే: వాళ్లు ఏ సరుకు కొంటారో ఆ సరుకు ధర మీద నిర్ణయం వాళ్ల చేతిలో ఉందా? ఉంటే దిగిపోవాల్సింది వ్యాపారం నుంచైనా, ఆ పదవి నుంచైనా. ఓటు అడగడానికి వచ్చినప్పుడే ఈ ప్రశ్న వేయాలి. గెలిచాక వేస్తే తలుపు తెరవరు.

రైతుకు రెండో కొనుగోలుదారు ఉండాలి, మద్దతు ధర ఉండాలి, నిలదీసే సంఘం ఉండాలి. ఈ మూడింటిలో ఏది పోయినా, పంట ఎంత పండినా బేరం మనది కాదు.