70 శాతం చెప్పని సంగతి

జీబ్రాఫిష్ వార్తలకెక్కిన ప్రతిసారీ '70 శాతం' అనే అంకె దాని తోకపట్టుకుని వస్తుంది. మనిషి జన్యువుల్లో అంత వాటాకు ఈ చేపలో సాటి జన్యువులున్నాయని 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. అబద్ధం కాదు. కానీ క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి ఆ సగటు ఎందుకూ కొరగాదు. ఏ జన్యువు సంగతి అన్నదే ప్రశ్న. రొమ్ము క్యాన్సర్ చర్చల్లో నిత్యం నలిగే బీఆర్‌సీఏ1 ఈ చేపలో లేదు, బీఆర్‌సీఏ2 ఉంది. కణితులను అణిచే పీటెన్ జన్యువు మనకు ఒక్కటే, దీనికి రెండు. ఒకటి చెడితే రెండోది ఆదుకుంటుంది.

కణితులను అణిచే మరో జన్యువు పి53 మాత్రం ఇద్దరిలోనూ ఒక్కటే, చేసే పనీ ఒక్కటే. బోస్టన్‌లోని డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థలో థామస్ లుక్ బృందం 2005లో పి53 చెడిన చేపలను పెంచి చూస్తే, ఎనిమిదిన్నర నెలల వయసు నుంచి కణితులు మొదలయ్యాయి. చివరికి 28 శాతం చేపలు వాటి బారిన పడ్డాయి. అదే ఏడాది, అదే ఊళ్లో, లెనర్డ్ జాన్ బృందం మనుషుల మెలనోమాలో (చర్మ క్యాన్సర్‌లో) కనిపించే బీరాఫ్ జన్యువు మార్పును చేపల్లో ప్రవేశపెట్టింది. పుట్టుమచ్చలే వచ్చాయి. పి53 కూడా చెడిన చేపల్లోనే మెలనోమా వచ్చింది.

ఇవి గొప్ప ప్రయోగాలే. అయితే తెలిసిన జన్యువును చేపలో సరిచూసుకున్నవి. పత్రికల కథనాలు ఇక్కడితో సరిపెట్టుకుంటాయి. నా దృష్టిలో అసలు కథ అంతకు ఏడాది ముందు ఎంఐటీలో నడిచింది.

నాన్సీ హాప్కిన్స్ ప్రయోగశాలలో కొన్ని వందల చేప వంశాలుండేవి. వైరస్‌ను డీఎన్‌ఏలోకి చొప్పించి, ఎక్కడ తగిలితే అక్కడ జన్యువులను చెడగొట్టి పెంచినవి. చెడిన జన్యువు రెండు ప్రతులూ సంక్రమిస్తే పిండం బతకదు; ఒక ప్రతే చెడిన చేప పెరిగి పెద్దదవుతుంది. అలా పెరిగిన చేపలు ఏ తొట్టెల్లో ముందుగా చస్తున్నాయి, వేటి ఒంటిమీద గడ్డలు తేలుతున్నాయి అని వెతికితే 12 వంశాలు దొరికాయి. ఒకదానిలో చెడింది, మనుషుల్లో కణితులను అణిచేదిగా అప్పటికే తెలిసిన ఎన్‌ఎఫ్2కు దగ్గరి బంధువు. మిగిలిన 11లో చెడినవన్నీ రైబోజోమ్ ప్రొటీన్ల జన్యువులు, ఒక్కో వంశంలో ఒక్కొక్కటి. ప్రతి కణంలోనూ ప్రొటీన్లను తయారుచేసే ఈ యంత్రాంగాన్ని అంతవరకూ కణితులను అణిచే జన్యువుల జాబితాలో వెతికిందెవరు?

1971లో ఆల్ఫ్రెడ్ నడ్సన్ కంటి క్యాన్సర్ పిల్లల లెక్కలు చూసి, కణితులను అణిచే జన్యువు రెండు ప్రతులూ దెబ్బతింటేనే కణితి పుడుతుందన్నాడు. ఈ చేపల్లో ఒక ప్రతి పోవడంతోనే ముప్పు ముంచుకొచ్చింది. కారణం 2008లో కొంత బయటపడింది. ఈ చేపల కణితుల్లో పి53 జన్యువు చెక్కుచెదరలేదు, దాని ఆర్‌ఎన్‌ఏ తయారవుతోంది, ప్రొటీన్ మాత్రం తయారవడం లేదు. డీఎన్‌ఏ ఒక్కటే చదివినవాడు పి53 భేషుగ్గా ఉందని రాసిచ్చేవాడు.

చేపల గొడవ మనకెందుకని కొట్టిపారేయడానికి లేదు. డైమండ్-బ్లాక్‌ఫాన్ రక్తహీనతతో పుట్టే పిల్లల్లో ఎక్కువమందికి చెడింది రైబోజోమ్ ప్రొటీన్ జన్యువే, అదీ ఒక ప్రతే. వాళ్లకు క్యాన్సర్ ముప్పు మామూలు జనం కన్నా ఎక్కువని ఉత్తర అమెరికా రోగుల నమోదు సమాచారం 2012లో లెక్కకట్టి చూపింది. చేపల్లో ప్రధానంగా వచ్చింది నరాల తొడుగు కణితి. వీళ్లలో కనిపించేవి రక్త, ఎముక, పెద్దపేగు క్యాన్సర్లు. రకాలు కలవలేదు. బలహీనత ఉన్న చోటు కలిసింది.

2025 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ రెండూ జంతు ప్రయోగాలు తగ్గించి మానవ కణాలు, కంప్యూటర్ నమూనాల వైపు మళ్లుతామన్నాయి. మందుల భద్రతా పరీక్షల వరకు ఆ వాదనలో బలముంది. కానీ మందును పరీక్షించడాన్నీ, తెలియని జన్యువును కనిపెట్టడాన్నీ ఒకే గాటన కట్టకూడదు. గాజు గిన్నెలోని కణాలు తొట్టెలో చేపలా పెరిగి, ముదిరి, గడ్డ లేచి చావవు. కంప్యూటర్ నమూనాకు మనం అందించిన సమాచారమే ఆధారం. 2004కు ముందు ఆ సమాచారంలో రైబోజోమ్ మీద అనుమానమే లేదు. ఏ జన్యువు కోసం వెతుకుతున్నారో ముందే చెప్పమనే నిధుల విధానంలో హాప్కిన్స్ వంశాలకు చోటు దొరకదు. ఖర్చు తగ్గించాలనుకుంటే, తెలిసిన జవాబును పదోసారి సరిచూసే ప్రయోగాలతో మొదలుపెట్టాలి, ప్రశ్నే తెలియకుండా మొదలయ్యే వాటితో కాదు.