చారానా కోడికి బారానా మసాలా

మన సభ్యుల్లో చిన్న ఊళ్ల ఆస్పత్రుల్లో, ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు చేస్తూ ఊరి బయట పదో ఇరవయ్యో ఎకరాలు కొనుక్కున్న కుటుంబాలు కొన్ని వున్నాయి. అటువంటి స్థలం వున్న ఇంటికి ఏడాది తిరక్కుండానే ఒక ఫోర్ వీలరు కూడా వస్తుంది. చలికాలం వాకిట్లో మంచు తోయడానికి, కట్టెలు చేరవేయడానికి, వేసవిలో బెండ, గోంగూర మళ్లకు ఎరువు మోయడానికి ఇది ఎద్దు లేని లోటు తీరుస్తుంది. బండి వెనకాలే కాటలాగులు వస్తాయి. గట్టిగా మోగే సైలెన్సరు, ఇంజను కంప్యూటరుకు తగిలించే పెట్టె, పెద్ద టైర్లు, ఎత్తు పెంచే కిట్టు — ఒక్కొక్కటీ కొన్ని వందల డాలర్లు. ఇవి పెట్టిస్తే డబ్బుకు తగిన ఫలం వుంటుందా అని అడిగే వారి కోసం ఈ నెల శీర్షికను కేటాయిస్తున్నాం.

మా అభిప్రాయం ముందుగానే చెప్పేస్తాం. పట్టు పెంచేవీ, పని తేలిక చేసేవీ, బండినీ మనిషినీ కాపాడేవీ కొనవచ్చు. వేగమూ చప్పుడూ పెంచేవి పనిబండికి దండగ.

ఎందుకో తెలియాలంటే బండి లోపల జరిగే పని కొంచెం చూడాలి. ఇప్పటి పనిబళ్లలో చాలావాటికి రెండు కప్పీల మధ్య ఒక బెల్టు తిరుగుతూ వుంటుంది. వేగం పెరిగేకొద్దీ ఇంజను వైపు కప్పీ మూసుకుని బెల్టును అంచుకు నెడుతుంది. చక్రాల వైపు కప్పీ తెరుచుకుని బెల్టును లోపలికి దించుకుంటుంది. అది ఎప్పుడు, ఎంత జరగాలో లోపలి చిన్న బరువులూ స్ప్రింగులూ నిర్ణయిస్తాయి. ఇంజనూ, బెల్టూ, గేర్లూ, చక్రం కొలతా ఒకదానికొకటి కుదిర్చిన సంసారం అది. అందులో ఒకరిని కదిలిస్తే మిగిలిన వారంతా కదులుతారు.

మొదట సైలెన్సరు సంగతి. దాన్ని ఒక్కదాన్నే మార్చినందువల్ల పెరిగే బలం చాలా స్వల్పం. పెరిగేది కూడా ఎక్కువగా ఇంజను వేగంగా తిరిగేటప్పుడే. మనం మంచు తోసేది, కట్టెలు లాగేది ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు. గాలి ఎక్కువగా పోయేటట్లు చేస్తే పెట్రోలు పాళ్లు కూడా సరిచేయవలసి రావచ్చు, అందుకోసం ఆ కంప్యూటరు పెట్టె. ఇంతా చేసి మిగిలేది ‘పిట్ట కొంచెం కూత ఘనం’ అన్నట్లుంటుంది. పొరుగువారితో మాట పడటం అదనం. నిప్పురవ్వలను ఆపే జాలీ లేని సైలెన్సరుతో అటవీ భూముల్లోకి చాలాచోట్ల రానివ్వరు కూడా.

ఇక పెద్ద టైర్లు. 25 అంగుళాల టైరు తీసి 28 అంగుళాలది వేశారనుకుందాం. ఇరుసు నేలనుంచి లేచేది ఒకటిన్నర అంగుళం. చక్రం చుట్టుకొలత మాత్రం 12 శాతం పెరుగుతుంది. అంటే నేల దగ్గర లాగే బలం సుమారు 11 శాతం తగ్గుతుంది, బ్రేకు పట్టూ అంతే తగ్గుతుంది. ఇదివరకు తేలికగా ఎక్కిన గట్టు దగ్గర బండి మూలుగుతుంది, బెల్టు వేడెక్కుతుంది. దానికి విరుగుడుగా కప్పీల్లోని బరువులూ స్ప్రింగులూ మార్చే క్లచ్ కిట్టు కొనాలి. అది నిజంగా పనిచేసే వస్తువే, కాని అంతవరకు పోయిన బలాన్ని తిరిగి తెచ్చుకోవడానికే ఆ ఖర్చు. ఆపైన బరువైన టైరు తాకిడికి ఇరుసుల కీళ్లు త్వరగా అరుగుతాయి. కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి. మీ నేల నిజంగా బురద నేల అయితే తప్ప ఈ వరస మొదలుపెట్టవద్దు. అదే కొలతలో, మీ నేలకు తగిన గాళ్లున్న మంచి టైర్లు వేయిస్తే ఈ బాధలేవీ లేకుండా పట్టు దొరుకుతుంది.

కొనదగినవి ఏమిటంటే, మొదటిది వించి. బురదలో దిగబడిన బండిని పైకి లాగడానికీ, మంచు పలకను ఎత్తి దించడానికీ అది రోజూ పనికివస్తుంది. అయితే పూర్తి బరువు మీద వించి తాగే కరెంటు బండి తయారుచేసే కరెంటుకు ఎన్నో రెట్లు. కనుక ఇంజను ఆపకుండా, మధ్యమధ్య ఆగుతూ లాగాలి. బ్యాటరీ మంచిదై వుండాలి. రెండోది పొట్ట కింద రేకు, రాళ్లూ మొద్దులూ వున్న స్థలానికి. మూడోది వాకిట్లో మంచు గడ్డకట్టే ప్రాంతాల వారికి చక్రాల గొలుసులు. గొలుసు చేసే మేలు ఏ సైలెన్సరూ చేయలేదు.

చవకయినది చివరికి వుంచాం. కారు టైరులో గాలి 32, 35 పౌండ్లుంటే ఈ టైర్లలో చాలావాటికి 5, 6 పౌండ్లే. కారు కొలబద్ద అంత తక్కువ గాలిని సరిగా చూపించదు. తక్కువ ఒత్తిడికి వేరే కొలబద్ద దొరుకుతుంది, కొనుక్కోండి. బండి నీరసించిందని తోచినప్పుడు ముందు గాలి చూడండి, ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేయండి, బెల్టు అరిగిందేమో చూపించండి. బరువు లాగేటప్పుడూ మంచు తోసేటప్పుడూ లో గేరు వేయండి. హై గేరులో నెమ్మదిగా లాగితే బెల్టు జారి కాలుతుంది. ఈ అలవాటుకు ఒక్క డాలరు కూడా ఖర్చు లేదు.

వారంటీ సంగతి కూడా కొందరికి అనుమానం. వేరే సామాను తగిలించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దు చేయకూడదని 1975 నాటి అమెరికా చట్టం చెబుతుంది. కాని ఆ సామాను వల్లనే చెడిందని కంపెనీ చూపగలిగితే ఆ మరమ్మతు ఖర్చు మనదే.

డబ్బు కన్నా ముఖ్యమైన మాట ఒకటి వున్నది. 1970లో హోండా వారు అమెరికాలో అమ్మకానికి తెచ్చిన బండికి మూడు చక్రాలే. అటువంటి బళ్లు బోల్తాపడి ఎందరో, ముఖ్యంగా పిల్లలు, చనిపోయిన తరువాత 1988లో ప్రభుత్వానికీ తయారీదారులకూ కుదిరిన ఒప్పందంతో కొత్త మూడు చక్రాల బళ్ల అమ్మకం ఆగిపోయింది. నాలుగో చక్రం వచ్చినంత మాత్రాన బోల్తాపడటం మానలేదు. ఎత్తు పెంచే కిట్టు పెడితే బండి బరువంతా పైకి జరుగుతుంది; వెడల్పు మాత్రం అలాగే వుంటుంది. ఏటవాలు నేల మీద ఆ రెండు అంగుళాలే మనిషిని బండి కింద పడేస్తాయి. పెద్ద బండి మీద పదహారేళ్ల లోపు వారు నడపకూడదనీ, ఒక్కరికి చేసిన బండి మీద రెండోవారు ఎక్కకూడదనీ కంపెనీవారే చీటీ అంటించి పంపుతారు. సెలవులకు నలుగురు కుటుంబాలు కలిసినప్పుడు మన ఇళ్లలో మొదట మరచిపోయేది ఆ చీటీనే. ‘ఒక్క రౌండే కదా అంకుల్’ అని పిల్లలు అడిగితే కాదనడం కష్టమే. అయినా కాదనాలి. తాళంచెవి జేబులో వుంచుకోవాలి.

కనుక మీ దగ్గర ఆరు వందల డాలర్లున్నాయనుకుంటే వరస ఇది. ముందు ఇంట్లో నడిపే ప్రతివారికీ సరిపడే హెల్మెట్టు, నడపడం నేర్పే తరగతి. తరువాత గాలి కొలబద్ద, ఫిల్టరు, బెల్టు. ఆ తరువాత మీ పనిని బట్టి వించో, గొలుసులో, టైర్లో. ఇంకా మిగిలితే బండికి కాదు, దాని వెనక కట్టుకునే చిన్న ట్రాలీకి పెట్టండి. గోంగూర మడికి ఎరువు ఒక్క తడవలో చేరుతుంది.