విమానం చక్రానికి మంట అంటుకుంటే...

2024 జూలై 11న రియాద్ నుండి పెషావర్ వెళ్ళిన సౌదియా విమానం నేల మీద దిగగానే ఎడమవైపు చక్రాల దగ్గర పొగ, నిప్పురవ్వలు లేచాయి. అందులో 276 మంది ప్రయాణికులు, 21 మంది సిబ్బంది ఉన్నారు. కంట్రోల్ టవర్‌లో వాళ్ళు అది ముందుగా చూసి పైలట్లకు చెప్పారు, ఫైరింజన్లను పరుగెత్తించారు. గాలితో ఉబ్బే జారుడు పట్టాల మీదుగా అందరినీ దింపేశారు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మరుసటి ఏడాది, 2025 జూన్ 15న, జెద్దా నుండి సుమారు 250 మంది హజ్ యాత్రికులతో లక్నోలో దిగిన సౌదియా విమానానికీ ఎడమ చక్రం దగ్గరే పొగ వచ్చింది. హైడ్రాలిక్ ఆయిలు లీకయిందని వార్తలొచ్చాయి. అక్కడా అందరూ క్షేమంగా దిగారు.

ఇలాంటి వీడియోలు మన క్యాంపుల్లో ఫోను నుండి ఫోనుకు తిరుగుతాయి. రెండ్రోజులు భయపడతాం. ఛుట్టీ టికెట్టు చేతికి రాగానే మర్చిపోతాం. కానీ ఈ చక్రాల మంటల సంగతి సౌదీలో పనిచేసేవాళ్ళు ఇంకాస్త లోతుగా తెలుసుకోవాలి. ఎందుకంటే ఈ రకం ప్రమాదాల్లో ప్రపంచంలోనే ఘోరమైన వాటిలో ఒకటి జరిగింది మన జెద్దాలోనే.

ముందు చక్రం ఎందుకు కాలుతుందో చూద్దాం. పెద్ద విమానం దిగేటప్పుడు 180 టన్నుల దాకా బరువు, గంటకు దాదాపు 250 కిలోమీటర్ల వేగం ఉంటాయి. ఇంజన్ల రివర్సు, రెక్కల మీద లేచే పలకలు కొంత సాయం చేస్తాయి గానీ, మిగతా వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారాల్సిందే. ఘాట్ రోడ్డు దిగిన లోడు లారీ డ్రమ్ము మీద నీళ్ళు పోస్తే ఎలా బుస్సుమంటుందో చూసినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. బ్రేకు బిగుసుకుపోయినా, ఆ వేడి మీద గ్రీజు గానీ ఆయిలు గానీ పడినా మంట లేస్తుంది.

ఇక టైరు. కారు టైరులో ముప్పై పైచిలుకు పీఎస్ఐ గాలి ఉంటే పెద్ద విమానం టైరులో సుమారు 200 ఉంటుంది. అదీ మామూలు గాలి కాదు, నైట్రోజన్. మామూలు గాలిలో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి వేడెక్కిన టైరు లోపల రబ్బరు ఆవిర్లు అంటుకుని పేలే ప్రమాదం ఉంది. 1986 మార్చి 31న మెక్సికోలో అదే జరిగింది. మెక్సికానా కంపెనీ బోయింగ్ 727లో బ్రేకు వేడెక్కి, మామూలు గాలి కొట్టిన టైరు గాల్లో పేలి 167 మంది చనిపోయారు.

జెద్దా సంగతికి వద్దాం. 1991 జూలై 11. హజ్ ముగించుకుని నైజీరియాలోని సొకోటోకు తిరిగి వెళ్తున్న 247 మంది యాత్రికులు, 14 మంది కెనడా సిబ్బంది. విమానం నేషన్ఎయిర్ అనే కెనడా కంపెనీది, రకం డీసీ-8. నైజీరియా ఎయిర్‌వేస్ దాన్ని హజ్ సీజను కోసం అద్దెకు తీసుకుంది. రెండు టైర్లలో గాలి తక్కువగా ఉందని మెకానిక్ ముందే గమనించాడు. నింపుదామంటే నైట్రోజన్ చేతికి అందుబాటులో లేదు. ఆలస్యానికి ప్రాజెక్టు మేనేజరు ఒప్పుకోలేదు. విమానాన్ని అలాగే బయలుదేరదీశారు.

తర్వాత జరిగింది టైర్ల పని తెలిసిన ఎవరికైనా అర్థమవుతుంది. గాలి తగ్గిన రెండో నంబరు టైరు బరువు మోయలేదు. ఆ భారం అదే ఇరుసు మీదున్న ఒకటో నంబరు టైరు మీద పడింది. రన్‌వే దాకా నడిచిన దూరంలోనే అది వేడెక్కి బలం కోల్పోయింది. పరుగు మొదలైన కాసేపటికే అది చీలిపోయింది, వెంటనే రెండోదీ పోయింది. ఆ రెండో చక్రం తిరగడం ఆగిపోయి, రన్‌వే మీద ఇనుము రాసుకుంటూ నిప్పు పుట్టింది. చక్రాల అరలో మంట ఉందని చెప్పే హెచ్చరిక ఆ విమానంలో లేదు. పైలట్లకు తెలియక, మామూలుగానే గాల్లోకి లేచాక చక్రాలు లోపలికి మడిచారు. మండుతున్న రబ్బరును విమానం తన కడుపులోకి తీసుకున్నట్టయింది. తిరిగి దిగడానికి వస్తూ, రన్‌వేకి మూడు కిలోమీటర్లు కూడా లేనంత దగ్గర్లో కూలిపోయింది. 261 మందిలో ఒక్కరూ మిగల్లేదు. పైగా ఆ కంగారులో కంట్రోలర్లు కొన్ని నిమిషాల పాటు దాన్ని ఇంకో సౌదీ విమానంగా పొరబడ్డారు. నేషన్ఎయిర్ 1993లో మూతబడింది.

నేను సైటులో సూపర్‌వైజర్‌ని. షెడ్యూలు ఒత్తిడి ఎలా ఉంటుందో నాకు తెలుసు. పై నుండి ఫోను మీద ఫోను వస్తుంటే, ఫోర్‌మన్ వచ్చి "సార్, ఇది బాలేదు" అన్న మాట చెవికి చేదుగా ఉంటుంది. జెద్దాలో మెకానిక్‌కి తెలుసు, చెప్పాడు, కానీ ఆపే అధికారం అతనికి లేదు. నా లెక్కలో ఆ మంట రన్‌వే మీద కాదు, ఆ మాట పక్కన పెట్టినప్పుడే అంటుకుంది. పెషావర్‌లో దానికి తిరగేసి జరిగింది. చూసినవాడు చెప్పాడు, విన్నవాడు వెంటనే కదిలాడు.

చక్రం ఒక్కటే కారణం అని కాదు. 1980 ఆగస్టు 19న రియాద్‌లో సౌదియా ట్రైస్టార్ మంటతోనే క్షేమంగా దిగింది, అయినా 301 మంది చనిపోయారు. లోపల ఎవరో స్టవ్ వెలిగించారన్న కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. విచారణలో తేలింది మాత్రం మంట వెనక కార్గో అరలో మొదలైందని. దిగిన విమానాన్ని వెంటనే ఆపి జనాన్ని దింపలేదు. బయటి నుండి తలుపు తెరిచేసరికి ఇంజన్లు ఆగి 23 నిమిషాలైంది. అదే ఏడాది డిసెంబరులో దహ్రాన్ నుండి కరాచీ వెళ్తున్న మరో సౌదియా ట్రైస్టార్‌లో చక్రం పగిలి, టైరు పేలి, క్యాబిన్‌కు చిల్లు పడి ఇద్దరు చనిపోయారు.

అంతర్జాతీయ నియమాల ప్రకారం ఫైరింజను మూడు నిమిషాల్లోపు రన్‌వేలో ఏ మూలకైనా చేరాలి, వీలైతే రెండు నిమిషాల్లోనే. చేరాక కూడా నీళ్ళు కుమ్మరించడమే పని కాదు. మంట లేకుండా పొగ మాత్రమే వస్తుంటే దాని మానాన చల్లారనిస్తారు. ఎర్రగా కాలిన లోహం మీద ఒక్కసారి చన్నీళ్ళు పడితే పగిలి ముక్కలు ఎగరొచ్చు. మంటే ఉంటే పొడి మందో, సన్నటి తుంపరో కొడతారు. దగ్గరికి వెళ్ళేది చక్రానికి ముందు నుండో వెనక నుండో మాత్రమే. ఇరుసు పక్క నిలబడకూడదు, పేలితే ముక్కలొచ్చేది అటే. బ్రేకు వేడి విమానం ఆగిన వెంటనే తగ్గదు, ఇంకా కొన్ని నిమిషాలు పెరుగుతూనే ఉంటుంది. పొగ తగ్గినట్టుందని దగ్గరికి పోయి ఫోనులో వీడియో తీసేవాళ్ళను ఏమనాలి?

ఈ ముక్క ముఖ్యంగా ఎయిర్‌పోర్టుల్లో లోడింగ్, క్లీనింగ్ పనులు చేసే తమ్ముళ్ళ కోసం. చక్రం దగ్గర పొగ గానీ, కారుతున్న ఆయిలు గానీ, కుంగిన టైరు గానీ కనిపిస్తే వెంటనే మీ సూపర్‌వైజర్‌కి చెప్పండి. మనకెందుకులే అనుకోవద్దు. అరబ్బీ రాకపోతే చేత్తో చూపించండి, చాలు.

ఇక ప్రయాణికులుగా మన సంగతి. పెద్ద విమానాల తలుపుల్లో సగమే పనిచేసినా అందరూ 90 సెకన్లలో బయటపడాలన్నది డిజైను లెక్క. చేతిలో సంచులుంటే ఆ లెక్క పోతుంది. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుండి వచ్చిన ఎమిరేట్స్ విమానం దుబాయిలో కూలి కాలిపోయినప్పుడు, పొగలోనే పైన ఉన్న బ్యాగులు దించుకుంటున్న జనం వీడియో అందరం చూశాం. లోపలున్న 300 మందీ బతికారు. కానీ ఆగిన తొమ్మిది నిమిషాలకు ఇంధనం ట్యాంకు పేలి, ఒక ఫైర్‌మన్ ప్రాణం పోయింది. 2024 జనవరి 2న టోక్యోలో తగలబడిన జపాన్ విమానం నుండి 379 మందీ బయటపడ్డారు, దాదాపు అందరూ వట్టి చేతులతోనే.

మనవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. రెండేళ్ళ కష్టం ఆ చేతిసంచీలో ఉంటుంది. చెల్లి పెళ్ళికి కొన్న బంగారం, ఇఖామా, పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు. అందుకే ఆ కాగితాలు, చిన్న వస్తువులు ఒంటి మీద ఉండే సంచీలోనో, జిప్పున్న జేబులోనో పెట్టుకోవాలి. పైన పెట్టినవి వదిలేయడానికి సిద్ధంగా ఉండాలి. మంట కనిపిస్తే ఆ వైపు తలుపు సొంతంగా తెరవొద్దు, సిబ్బంది చూపించిన తలుపు నుండే దిగాలి. దిగాక గాలి వచ్చే వైపుకు, విమానానికి దూరంగా పరుగెత్తాలి.

ఈ మాటలన్నీ సీటు ముందున్న కార్డులో ఉంటాయి. కానీ మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుండి మొదటిసారి విమానమెక్కే ఎందరికి ఆ కార్డులోని ఇంగ్లీషు, అరబ్బీ వస్తాయి? హైదరాబాద్ ప్రయాణాల్లో ఇంతవరకు నేను తెలుగు భద్రతా ప్రకటన వినలేదు. ఒక రికార్డింగుకి ఎంత ఖర్చవుతుంది? ఎంబసీలో వినతిపత్రం ఇచ్చే సంఘాలు మృతదేహాల తరలింపు, జీతాల బకాయిలతో పాటు దీన్నీ ఒక లైను కలపొచ్చు. అంతవరకూ పక్క సీటులో మొదటిసారి ఎక్కినవాడు ఉంటే, బెల్టు ఎలా తీయాలో, దగ్గరి తలుపు ఎన్ని వరుసల దూరంలో ఉందో మనమే చూపించాలి.