ఏ దూడను బలిపించమంటారు?

100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. పొరలు పొరలుగా చల్లి, గాలి పోయేలా తొక్కి, పట్టా కప్పి 21 రోజులు మాగనివ్వాలి. ఈ చిట్కా చెప్పకుండా ముగిసిన పశువైద్య శిబిరం నేను చూడలేదు. గడ్డిలో మూడు, నాలుగు శాతమున్న మాంసకృత్తులు ఏడు దాకా పెరిగే మాట నిజమే. దాని వెంట తగిలించే మాటతోనే నా పేచీ. ఇంత సులువైన పని చేసుకుని దూడను బలిపించి నాలుగు డబ్బులు కళ్లజూడలేని చిన్నరైతుకు అవగాహన లేదట!

హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం సందుల్లో ఇంకా మిగిలిన బర్రెల కొట్టాల దగ్గర కాసేపు నిలబడండి. జొన్నచొప్ప బండి ఆగగానే యజమాని ఒక కాడ విరుస్తాడు, వాసన చూస్తాడు, కొస కొరుకుతాడు, ఆకు ఎంత నిలిచిందో చేత్తో తడుముతాడు. ఆ తర్వాతే బేరం. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోని పశు పరిశోధకులు 2000ల దశకంలో నగరంలో చొప్ప ధరలను పరిశీలించారు. 47 శాతం అరిగే చొప్ప కిలో సుమారు 3 రూపాయలు పలికితే, 52 శాతం అరిగేది 4 దాకా పలికింది. ఐదు శాతం తేడాను పంటితో పట్టేవాడికి అవగాహన పాఠమా?

చైనాను చూడమంటారు. 1990లలో అక్కడ మాగేసిన గడ్డితో పశువులను బలిపించారు, సరే. గడ్డికి తోడు పత్తిచెక్కా పెట్టారు, కొనేవాడూ ఉన్నాడు. మనకు 1977 నుంచి గోవధ నిషేధ చట్టముంది కనుక మిగిలేది దున్నే. మన సంతలో దున్నను కాటా ఎక్కించేదెవరు? కంటి అంచనాతోనే బేరం తెగుతుంది. కష్టపడి పెంచిన పది కిలోలు ఆ కంటికి ఆనవు. ఇక యూరియా! 2025 వానాకాలంలో తెలంగాణ రైతు వరిమడి కోసం చెప్పులు క్యూలో పెట్టి కూర్చున్నాడు. ఆ బస్తాను గడ్డివాముకు పొయ్యమంటారా?

ఇవన్నీ సర్దుకున్నా, బలిపించడానికి దూడేది? మాగేసిన గడ్డిని ఆరు నెలల లోపు దూడలకు పెట్టొద్దని ఆ శిబిరంలోనే చెబుతారు. ఆ ఆరు నెలలు బతికించే పాలు ఎవరిస్తారో మాత్రం చెప్పరు. దున్నదూడ తాగే ప్రతి లీటరూ క్యానులో తగ్గే లీటరే. తల్లి చేపేదాకా రెండు గుక్కలు చీకనిచ్చి పలుపు పట్టి లాగేస్తారు. చాలా దూడలు ఎండుగడ్డి నమిలే వయసు దాకా రావు.

కిందటేడు నాచారంలో ఒక కొట్టంలో చూశాను. దూడ పోయింది, బర్రె చేపడం లేదు. దూడ తోలు ఒలిచి, ఎండబెట్టి, లోపల వరిగడ్డి కుక్కి, కుట్టి తల్లి ముందు నిలబెట్టారు. బర్రె దాన్ని నాకుతూ పాలిచ్చింది.